ఎక్కడ పట్టుకోమంటావు

లాక్‌డౌన్ ప్రకటించేసరికే నేను గుమ్మం దాటి తొమ్మిది రోజులైంది. మాది రాజమండ్రిలో రెండో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు కోసం గోడల మధ్య చోటు వదిలారు గానీ లిఫ్టు పెట్టలేదు. ఆ గుంతలో అందరూ పాత సైకిళ్ళూ, ఖాళీ పెయింటు డబ్బాలూ పడేశారు. ప్రతి ఆదివారం మా సంఘం వాళ్ళు ఇద్దరు వచ్చి, నన్ను చక్రాల కుర్చీతో సహా ఎత్తుకుని మెట్లు దింపి చర్చికి తీసుకెళ్ళేవారు. వారం మొత్తం మీద నేను నేలను చూసేది ఆ ఒక్క రోజే. పాస్టరు గారు ఫోన్ చేసి, "ఒకరినొకరు ముట్టుకోవద్దంటున్నారమ్మా. కొన్నాళ్ళు ఇంట్లోనే ప్రార్థన చేసుకోండి" అన్నారు. అలాగేనండి అన్నాను. ముట్టుకోకుండా నన్ను దింపే మార్గం లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

నా ఎముకలు పుట్టుకతోనే పెళుసు. గట్టిగా తుమ్మితే పక్కటెముక చిట్లిన రోజులున్నాయి. నలభై ఏళ్ళు వచ్చినా మూడడుగుల ఎత్తు లేను. కాళ్ళు వంకర తిరిగిపోయి, నిలబడడం ఏనాడో మానేశాయి. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి బాత్రూమ్‌లోకి, మళ్ళీ మంచం మీదికి నన్ను చేర్చేది అమ్మే. అమ్మ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. నాన్న పోయాక మేమిద్దరమే. ఒక చెయ్యి నడుం కింద, ఒక చెయ్యి తొడల కింద పెట్టి, ఊపిరి బిగబట్టి, "ఆఁ" అని లేపేది. ఆ "ఆఁ" వినగానే నేను కూడా ఊపిరి బిగబట్టేదాన్ని. అరవై ఏడేళ్ళ మనిషి రోజుకి ఆరేడుసార్లు ఆ పని చేసేది.

నా ఉద్యోగం డీటీపీ. ఊళ్ళో ఒక ప్రింటింగ్ ప్రెస్సుకి ఇంట్లోనే కూర్చుని పెళ్ళి కార్డులు కంపోజ్ చేసి పంపేదాన్ని. లాక్‌డౌన్‌తో పెళ్ళిళ్ళు ఆగిపోయాయి, నా పనీ ఆగిపోయింది. బ్రిడ్జి మీద రైళ్ళు కూడా ఆగిపోయాయి. ఆ చప్పుడు నాకు గడియారం లాంటిది. అది లేకపోయేసరికి పొద్దున్నకీ సాయంత్రానికీ తేడా తెలిసేది కాదు. కిటికీలోంచి ఎదురింటి వాటర్ ట్యాంకూ, దాని మీద కాకులూ తప్ప నాకేమీ కనపడవు.

అప్పుడే ఫోన్లు మొదలయ్యాయి. చర్చివాళ్ళూ, అమ్మ దగ్గర చదువుకున్నవాళ్ళూ, ప్రెస్సులో పనిచేసేవాళ్ళూ. "ఇంట్లో కూర్చోలేకపోతున్నామండి, మీరెలా ఉంటున్నారండీ ఇన్నేళ్ళూ?" అని అడిగేవారు. మొదట్లో ఓపిగ్గా చెప్పాను. రోజుని ముక్కలు చేసుకోండి, మధ్యాహ్నం పడుకోకండి, పక్క దుప్పటి రోజూ మార్చండి అని. తర్వాత్తర్వాత లోపల మంట పుట్టేది. పద్నాలుగు రోజులు గదిలో ఉన్నందుకు పిచ్చెక్కిపోతోందని ఒకావిడ ఏడుస్తుంటే, ఓదారుస్తూనే, 'నీకు పదిహేనో రోజు ఉందిగా' అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ అనుకున్నాను.

మా జబ్బున్న వాళ్ళకి వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. అందులో అందరికన్నా పెద్దదాన్ని నేనే. ఎముకలు గట్టిపడే మందు ఎక్కించే ఆసుపత్రికి వెళ్ళాలంటే రైళ్ళు లేవు. ఎముక విరిగితే చూపించుకుందామంటే ఎముకల వార్డులన్నీ కరోనా వార్డులయ్యాయి. పిల్లల తల్లులు నాకు వాయిస్ మెసేజీలు పెట్టేవారు. నాకు తెలిసింది నేను చెప్పేదాన్ని. తెలియనిది, చిన్నప్పటినుంచి నాకు వైద్యం చేసిన డాక్టరు గారిని ఫోన్లో అడిగి చెప్పేదాన్ని.

ఆ వేసవిలోనే ఒక మధ్యాహ్నం కొత్త నెంబరు నుంచి ఫోనొచ్చింది. అమలాపురం అవతల ఒక పల్లెటూరు నుంచి, ఇరవై రెండేళ్ళ అమ్మాయి. తొమ్మిది నెలల పాప. పాప పుట్టినప్పుడే ఆసుపత్రిలో కాగితం మీద జబ్బు పేరు ఇంగ్లీషులో రాసిచ్చారట. ఎవరో ఆ పేరు ఫోన్లో వెతికి మా గ్రూపు పట్టుకున్నారు.

"అక్కా, పాప కాలు వాచిపోయిందండి. ముట్టుకుంటే ఏడుత్తంది. ఆటోలు లేవండి, ఎవరూ రామంటున్నారు."

"ఎలా జరిగిందమ్మా?"

గొంతు తగ్గించి చెప్పింది. "గుడ్డ మారుద్దామని రెండు కాళ్ళూ పట్టుకుని పైకెత్తానండి. టక్కుమంది. మా అత్తయ్యగారు నేనే ఇరిసేసేనంటున్నారండి. ఆయనేమో కువైట్‌లో ఉండిపోయారు. ఈవిడ ఫోన్ చేసి ఆయనకీ అదే చెప్పారు."

డాక్టరు గారిని కూడా కాల్‌లోకి తీసుకున్నాను. ఆయన వీడియోలో కాలు చూసి, ఏ మందు ఎన్ని చుక్కలు వెయ్యాలో చెప్పి, "కట్టు కట్టడం నీకు నాకంటే బాగా తెలుసు, నువ్వు చెప్పు" అని పెట్టేశారు. చీరలు పెట్టే అట్టపెట్టె ఒకటి తెమ్మన్నాను. దాన్ని పాప తొడ కొలతకి కత్తిరించి, లోపల దూది పరిచి, మెత్తటి చున్నీతో చుట్టించాను. "గట్టిగా కట్టకమ్మా. వేళ్ళు చూడు. గులాబీ రంగులో ఉన్నాయా? వెచ్చగా ఉన్నాయా? ఇకమీదట కాళ్ళు పట్టుకుని ఎత్తొద్దు. పిర్రల కింద అరచెయ్యి దూర్చి జరుపు. ఎత్తుకోవాలంటే దిండుతో సహా ఎత్తుకో." ఆ అమ్మాయి చెప్పింది చెప్పినట్టు చేసింది. కట్టు పూర్తయ్యేసరికి పాప ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది.

ఆ అమ్మాయి వెనకనుంచి అత్తగారి గొంతు వినబడుతూనే ఉంది. "మేం పిల్లల్ని పెంచలేదా? మా చేతుల్లో ఎవరి కాళ్ళూ ఇరగలేదే!"

వంటింట్లోంచి వచ్చిన అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఎప్పుడూ అలా తీసుకోదు.

"వదినగారూ, ఇప్పటిదాకా ఫోన్లో మాట్లాడిన అమ్మాయి తల్లినండి. నాకూ ఇలాగే జరిగింది. మా అమ్మాయికి పదకొండో నెల. స్నానం చేయించి ఒళ్ళు తుడుస్తుంటే నా చేతుల్లోనే తొడ విరిగిందండి. నేనే కాలు తిప్పేశానన్నారు. మా వారు మూడు నెలలు పిల్లని నా దగ్గర ఒంటరిగా వదల్లేదండి. ఆఫీసుకి వెళ్తూ వాళ్ళమ్మగారిని కాపలా పెట్టి వెళ్ళేవారు. నేను పాలిస్తుంటే కూడా ఆవిడ ఎదురుగా కూర్చుని చూసేవారు. తర్వాత జబ్బని తెలిసిందనుకోండి. కానీ ఆ మూడు నెలలూ నా ఒంట్లోంచి పోలేదండి. మీ కోడలికి ఆ పని చెయ్యకండి."

అవతల్నుంచి ఆవిడ, "దిండుతో ఎత్తుకోమన్నారు కదండీ, మెత్తటి దిండా, గట్టిదా?" అని అడిగింది.

నేను ఆ కథ అంతకుముందు ఎప్పుడూ వినలేదు. నాకు తెలిసిన నాన్న నన్ను గుండెకి కరుచుకుని స్కూలు మెట్లెక్కించిన మనిషి. ఫోన్ పెట్టేశాక, "నాన్న అలా చేశాడా?" అన్నాను. "అప్పుడెవరికీ తెలీదు కదే" అని అమ్మ లోపలికి వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టింది. ఆ రోజంతా నేను కాకుల్ని చూస్తూ పడుకున్నాను. లేచి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడగలిగిన కూతురైతే ఏం చేసి ఉండేదో అని ఆలోచించాను.

ఆ అమ్మాయి అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసేది. పాప బోర్లా పడింది, పాపకి పన్నొచ్చింది, ఆ పన్ను గోధుమ రంగులో ఉందండి, ఫరవాలేదా. మధ్యలో ఒకసారి చెయ్యి విరిగింది. ఈసారి కట్టు తనే కట్టి, ఫొటో తీసి పంపింది. వీడియోలో మాట్లాడేటప్పుడు నేను ముఖం ఒక్కటే కనబడేలా ఫోన్ పట్టుకునేదాన్ని. మంచం, కాళ్ళు ఎప్పుడూ చూపించలేదు. ఎందుకని ఆమె అడగలేదు.

రెండో వేవ్ వచ్చేసరికి నాకు మళ్ళీ పని దొరికింది. పెళ్ళి కార్డులు కావు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు. మొదటి అక్షరం కొడితే చాలు, కంప్యూటరే మిగతా మాట పూర్తి చేసేది. ఫొటోల్లో మనుషులు నా వయసువాళ్ళు, నాకంటే చిన్నవాళ్ళు. కొందరి ఫొటోలు పెళ్ళి ఆల్బంలోంచి తీసి పంపేవారు. పక్కనున్న భార్యని కత్తిరించి పంపమనేవారు.

ఏప్రిల్ చివర్లో అమ్మకి జ్వరం వచ్చింది.

రెండు మాస్కులు పెట్టుకుని, పక్క గదిలోకి మారింది. మారితే ఏం లాభం? నన్ను ఎవరు లేపాలి? ఊళ్ళో అందరూ అందరికీ దూరంగా జరిగిపోతున్న రోజుల్లో, మా అమ్మ మాత్రం రోజుకి ఆరుసార్లు వచ్చి నన్ను గుండెకి ఆనించుకోవాల్సిందే. రెండో రోజు నుంచి ఆ "ఆఁ" బదులు దగ్గు వచ్చేది. దగ్గుతో పాటు నేనూ అదిరేదాన్ని. మూడో రోజు, "ఇక నన్ను లేపొద్దు, డైపర్లు తెప్పించు" అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. నేను నీళ్ళు తాగడం మానేస్తానని బెదిరించాను. అప్పుడు ఒప్పుకుంది. నాకూ రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడి తగ్గిపోయింది. అమ్మకి తగ్గలేదు.

కింది ఫ్లాటులో ఉండే ఆవిడ రోజూ గుమ్మం బయట స్టీలు క్యారియరు పెట్టి, బెల్లు కొట్టి వెళ్ళిపోయేది. యాభై అయిదేళ్ళుంటాయి. మడీ, పూజలూ ఉన్న ఇల్లు. పదకొండేళ్ళుగా మెట్ల మీద పలకరించింది గానీ ఏనాడూ మా గుమ్మం లోపలికి రాలేదు. కారణం నేను అడగలేదు. అడగక్కర్లేదు కూడా. అమ్మ గోడ పట్టుకుని వెళ్ళి క్యారియరు తెచ్చేది. అయిదో రోజు నుంచి తలుపు గడియ తీసే ఉంచేసింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగగానే పక్క గదిలో దగ్గు వినబడాలి. వినబడలేదు. "అమ్మా" అన్నాను. ఫోన్ చేశాను. గోడకి అవతల రింగు మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. నాకూ ఆ గదికీ మధ్య పది అడుగులుంటాయి. ఆ పది అడుగులు దాటడానికి నాకు ఒక మనిషి కావాలి. ఆ మనిషే అక్కడ పడి ఉంది.

మంచం చివరిదాకా పాకి, గోడ మీద కొడదామని ఎడమ చెయ్యి మీద బరువు ఆనించాను. మోచేతి పైన పుల్ల విరిగిన చప్పుడు అయింది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు. కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది. నొప్పి కొంచెం ఆగాక, కుడి చేత్తో కింది ఫ్లాటు ఆవిడకి ఫోన్ చేశాను. "పిన్నిగారూ, అమ్మ పలకడం లేదండి. తలుపు తీసే ఉంది."

అయిదు నిమిషాల్లో వచ్చింది. వాళ్ళాయన స్కూటరు మీద వేసుకునే రెయిన్‌కోటు, చేతులకి పాలిథిన్ కవర్లు, ముఖానికి తువ్వాలు. నా గది దాటి అమ్మ దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణించే కేకేసింది. "మెలకువగానే ఉందమ్మాయ్! మాట తడబడుతోంది. వేలికి పెట్టే ఈ ఆక్సిజన్ మిషన్లో ఎనభై ఆరు అని చూపిస్తోంది, బాగానే ఉన్నట్టా?"

"బాలేదండి. నూట ఎనిమిదికి చేస్తున్నాను."

అంబులెన్సు రావడానికి గంటన్నర పట్టింది. వచ్చినవాళ్ళు అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి నా గది ముందునుంచి తీసుకెళ్తుంటే, అమ్మ తలుపు చట్రం పట్టుకుని వదల్లేదు. "దాన్ని ఎవరు లేపుతారు? నేను రాను."

నేను దుప్పటి భుజాలదాకా లాక్కుని ఉన్నాను. దుప్పటి కింద చెయ్యి సలిపేస్తోంది. అది తెలిస్తే అమ్మ కదలదు. అందుకని నవ్వాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు. "నాకేం అమ్మా, నేను బాగానే ఉన్నాను. నువ్వెళ్ళు."

పిన్నిగారు అమ్మ వేళ్ళని ఒక్కొక్కటే చట్రం మీంచి విడదీసింది. "నేనున్నాను కదండీ. మీరు వెళ్ళి రండి."

మెట్ల మీద అలికిడి ఆగిపోయి, వీధిలో బండి కదిలిన చప్పుడు వినబడ్డాక దుప్పటి తీశాను. ఆవిడ నా చెయ్యి చూసి గోడకి ఆనుకుంది. "ఇంతసేపూ ఇలాగే ఉన్నావా తల్లీ!"

నాకు మాట్లాడే ఓపిక అయిపోయింది. సరిగ్గా అప్పుడే అమలాపురం అమ్మాయి రోజూ చేసే ఫోన్ వచ్చింది. పిన్నిగారు ఎత్తి జరిగింది చెప్పింది. "వీడియో పెట్టండి పిన్నిగారూ" అంది ఆ అమ్మాయి. నా చెయ్యి వంక ఒక్క నిమిషం చూసింది. "అట్టముక్కలున్నాయాండి?"

బల్ల మీద పెళ్ళి కార్డుల శాంపిళ్ళు ఉన్నాయి, ఏడాదిగా ఎవరూ ముట్టుకోనివి. దళసరిగా, గట్టిగా ఉంటాయి. వాటిని నాలుగేసి కలిపి, అమ్మ పాత నూలు చీర చింపి చుట్టింది పిన్నిగారు. ఫోన్లోంచి ఆ అమ్మాయి చెబుతూనే ఉంది. "చెయ్యి తిన్నగా లాగకండి. ఎలా ఉందో అలాగే ఉంచండి. గట్టిగా కట్టకండి. వేళ్ళు చూడండి, చల్లబడ్డాయా?" నా మాటలే. నేను వాటిని ఎంత తేలిగ్గా చెప్పేశానో, పడుకుని వింటుంటే తెలిసింది. డాక్టరు గారు సాయంత్రం వీడియోలో చూసి, ఇప్పుడు ఆసుపత్రికి రావడమే ప్రమాదం, అలాగే ఉంచమన్నారు.

కట్టు అయ్యాక పిన్నిగారు చేతులకున్న కవర్లు తీసేసింది. అవి జారుతున్నాయట. ఉత్త చేతులతో నా మంచం పక్కన నిలబడి, "ఎక్కడ పట్టుకోమంటావు?" అని అడిగింది.

పుట్టిన దగ్గర్నుంచీ నన్ను ఆ మాట అడిగినవాళ్ళు తక్కువ. ప్రేమగానో, జాలిగానో పట్టేసుకుంటారు, ఎముక విరుగుతుంది. "చంకల కింద వద్దండి. దుప్పటితో సహా జరపండి. తొందర లేదు" అన్నాను. ఆవిడ మెల్లగా జరిపింది. పదకొండు రోజులు మా ఇంట్లోనే ఉంది, మా వంటింట్లోనే వండింది. డైపరు మార్చేటప్పుడు తల పక్కకి తిప్పుకుని విష్ణు నామాలు చదువుకునేది. అది నా కోసమో, ఆవిడ కోసమో తెలీదు. నేను ఆ పదకొండు రోజులూ పై కప్పు చూస్తూ పడుకున్నాను. కుడి చెయ్యి తప్ప ఏదీ కదిలేది కాదు. ఎవరికి ఫోన్ చేసినా కాలర్ ట్యూన్ ఒకటే: ఇంట్లోనే ఉండండి, సురక్షితంగా ఉండండి. అది విన్నప్పుడల్లా ఫోన్ గోడకేసి కొట్టాలనిపించేది. కానీ అమ్మ కబురు ఆ ఫోన్లోనే రావాలి.

అమ్మ బతికి వచ్చింది. మెట్లు ఎక్కడానికి ముప్పావు గంట పట్టింది. నా గదిలోకి వచ్చి, నా చేతి కట్టు చూసి, మంచం మీద కూర్చుంది. "ఆ రోజు నవ్వినప్పుడే అనుకున్నాను" అంది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తినా ఆవిడ చేతులు వణికేవి. ఆ వణుకు పూర్తిగా తగ్గలేదు. మళ్ళీ నన్ను ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు పొద్దున్నా సాయంత్రం పిన్నిగారు వచ్చి, ఇద్దరూ కలిసి దుప్పటి చెరో పక్కా పట్టుకుంటారు. కింది అంతస్తులో ఇల్లు కోసం వెతుకుతూనే ఉన్నాం. చక్రాల కుర్చీ కోసం గుమ్మం దగ్గర వాలుగా సిమెంటు చేయించుకుంటామనగానే, ఇల్లుగలవాళ్ళు ఆలోచించి చెబుతామంటారు.

రైళ్ళూ బస్సులూ మామూలయ్యాక, ఆ అమ్మాయి పాపని డాక్టరు గారికి చూపించడానికి రాజమండ్రి తీసుకొచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు. పాపకి అప్పటికి రెండేళ్ళు దాటాయి. అత్తగారు పాపని దిండు మీద పడుకోబెట్టుకుని, అడుగు అడుగుకీ ఆగుతూ మెట్లెక్కారు.

ఆ అమ్మాయి గదిలోకి వస్తూనే నవ్వుతూ నా కోసం చూసింది. మంచం మీద ఉన్నది నేనేనని తెలియడానికి ఒక క్షణం పట్టింది. నవ్వు అలాగే ఉండి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోన్లో నా గొంతు పెద్దది. ఆ గొంతుకి తగ్గ మనిషిని ఊహించుకుని ఉంటుంది. నా కాళ్ళ వంక, కిటికీ వంక, నా చేతికందేలా పెట్టుకున్న వస్తువుల వంక చూసింది. పాపని నా పక్కన పడుకోబెట్టారు. పాప నా ముక్కు పట్టుకుంది. ఒకరినొకరం విరగ్గొట్టుకోగలం కాబట్టి, అందరూ మా ఇద్దరి చుట్టూ చేతులు అడ్డం పెట్టారు.

అత్తగారూ అమ్మా ముందుగదిలోకి వెళ్ళాక, ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. "అక్కా, ఏమీ అనుకోకండి. మా పాప కూడా ఇలాగే ఉంటదాండి?"

అబద్ధం చెప్పొచ్చు. ఇన్నాళ్ళూ ముఖం ఒక్కటే చూపించడం ఒకరకంగా అబద్ధమే.

"నా చిన్నప్పుడు ఈ ఎక్కించే మందు లేదమ్మా. మీ పాప నాకంటే ఎత్తు పెరుగుతుంది. ఎముకలు విరగవని మాత్రం చెప్పలేను, విరుగుతాయి. కానీ నేను ఈ గదిలో పడి ఉన్నది ఎముకల వల్ల కాదు. మెట్ల వల్ల. కువైట్ నుంచి ఆయన వచ్చి ఇల్లు కడతానంటే, పైన కట్టనివ్వకు. గుమ్మాలు వెడల్పు పెట్టించు. బాత్రూమ్‌కి గడప పెట్టనివ్వకు."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. కాసేపు పాప జుట్టు సర్దుతూ కూర్చుంది. తర్వాత బ్యాగులోంచి ఆసుపత్రి కాగితం తీసి, వెనక్కి తిప్పి, "గుమ్మం ఎంత వెడల్పుండాలండి?" అంది. అమ్మని పిలిచి టేపు తెమ్మన్నాను. నా చక్రాల కుర్చీ వెడల్పు ఆ అమ్మాయే కొలిచి రాసుకుంది.